అణువూ జనమూ – 9: గృహప్రవేశం జరగని రియాక్టరు

1974 జనవరిలో ఆస్ట్రియాలో కారున్న ప్రతి ఒక్కరూ దాని అద్దానికి ఒక స్టిక్కరు అంటించుకోవలసి వచ్చింది. వారంలో ఏ రోజు కారు బయటికి తీయరో ఆ స్టిక్కరు మీద ఉంటుంది. ఏ రోజన్నది ఎవరిష్టం వారిది. కానీ ఒకసారి అంటించాక ఆ రోజు బండి రోడ్డెక్కితే జరిమానా. అంతకు మూడు నెలల ముందు పశ్చిమాసియాలో యుద్ధం వచ్చి, చమురు ధర చూస్తుండగానే నాలుగింతలైంది. ఫిబ్రవరిలో స్కూళ్ళు వెచ్చబెట్టే నూనె మిగులుతుందని పిల్లలకు వారం రోజులు సెలవులిచ్చారు. వాటికి ‘ఎనర్జీ సెలవులు’ అని పేరు పెట్టారు. చమురు కరువు పోయింది గానీ సెలవులు పోలేదు. ఇప్పటికీ అక్కడి పిల్లలు ఫిబ్రవరిలో ఆ సెలవుల మీదే మంచులో జారడానికి కొండలకు వెళ్తుంటారు.

అలా దేశం నూనెబొట్టు లెక్కబెట్టుకుంటున్న రోజుల్లో డాన్యూబ్ ఒడ్డున, వియన్నాకు ఎగువన, కూరగాయల తోటలున్న ఒక మైదానంలో కాంక్రీటు గోడలు లేస్తున్నాయి. ఊరి పేరు త్స్వెంటెన్‌డార్ఫ్. నోరు తిరగకపోయినా ఈ ఒక్క భాగానికి ఓర్చుకోండి. ఇవాళ చెప్పబోయేది ఆ ఊళ్ళో లేచిన అణు విద్యుత్ కేంద్రం కథే. కట్టడం పూర్తయింది, ఇంధనం వచ్చింది, సిబ్బందికి శిక్షణ అయింది. ఒక్కరోజు కూడా నడవలేదు. ప్రమాదం జరిగి కాదు, డబ్బు చాలక కాదు. జనాన్ని అడిగారు, వద్దన్నారు.

పోయిన సంచికలో 1955 జెనీవా సభ దగ్గర ఆగాం. హోమీ భాభా అధ్యక్షుడిగా కూర్చుని, ఇంకో ఇరవై ఏళ్ళలో కేంద్రక సంలీనాన్ని, అంటే సూర్యుడి లోపలి మంటను మనిషి అదుపులోకి తెచ్చుకుంటాడని జోస్యం చెప్పిన సభ అది. ఆ ఊపులోనే 1957లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పుట్టి వియన్నాలో కాపురం పెట్టింది. సొంత భవనం లేక ఇరవై ఏళ్ళకు పైగా ఒక పాత పెద్ద హోటల్లోనే ఆఫీసు నడిపింది. 1966 జనవరిలో మోఁ బ్లాఁ కొండ మీద విమానం కూలి భాభా చనిపోయినప్పుడు ఆయన వెళుతున్నది ఆ సంస్థ సమావేశానికే. అంటే ప్రపంచ అణు వ్యవహారాలకు రచ్చబండ లాంటి ఊరు వియన్నా. ఆ రచ్చబండకు నలభై కిలోమీటర్ల లోపే అణు కొలిమిని వెలిగించకుండా ఆపేశారు.

ఇంకో సంగతి. యురేనియం కేంద్రకం రెండుగా చీలుతుందని లెక్క తేల్చి చెప్పినవాళ్ళిద్దరూ వియన్నాలో పుట్టినవాళ్ళే. లీజ మైట్నర్, ఆమె అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్. 1938 క్రిస్మస్‌కి స్వీడన్‌లో ఒక చిన్న ఊళ్ళో పిన్నీ కొడుకూ మంచులో నడుస్తూ నడుస్తూ, ఒక చెట్టు మొద్దు మీద కూర్చుని చిత్తుకాగితాల మీద వేసిన లెక్క అది. ఆమె అప్పటికి స్వీడన్‌లో ఎందుకుందో గుర్తు పెట్టుకోండి. ఆ మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాడు. ఆస్ట్రియా పాస్‌పోర్టుతో బెర్లిన్‌లో పనిచేస్తున్న యూదు శాస్త్రవేత్తకు ఒక్కరోజులో దేశం లేకుండా పోయింది. జులైలో దాదాపు కట్టుబట్టలతో జర్మనీ సరిహద్దు దాటింది. ఆ 1938తో మనకు మళ్ళీ పనిపడుతుంది.

ఇక కేంద్రం సంగతి. 1969లో పీపుల్స్ పార్టీ ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. ఆ తర్వాతి ఏడాది సోషలిస్టులు గద్దెనెక్కారు, బ్రూనో క్రైస్కీ ఛాన్సలరయ్యాడు, పని మాత్రం ఆగలేదు. అప్పట్లో ఎవరికీ దానిమీద పేచీ లేదు. 1972 ఏప్రిల్ 4న శంకుస్థాపన. సరిగ్గా పన్నెండు రోజులకు దిగువ ఆస్ట్రియాలో భూకంపం వచ్చింది. వేసిన పునాది దెబ్బతిని కొంత పగలగొట్టి మళ్ళీ వేయాల్సి వచ్చింది. మన పెద్దవాళ్ళయితే ముహూర్తం బాగాలేదనేవారు. ఆస్ట్రియా పెద్దలు అలాంటివి పట్టించుకోలేదు. ఆరేళ్ళ తర్వాత ఎదుటి పక్షం పట్టించుకుంది.

అది మరుగునీటి రియాక్టరు. మన తారాపూర్‌లో 1969లో నడక మొదలుపెట్టినవీ ఆ జాతివే. ఇందులో సూత్రం చిన్నది. యురేనియం కడ్డీల మధ్య నీళ్ళు మరుగుతాయి, ఆ ఆవిరే నేరుగా వెళ్ళి టర్బైను తిప్పుతుంది. కుక్కరు ఆవిరితో గిరగిరా తిరిగే చక్రాన్ని ఊహించుకోండి, కుక్కరు కింద గ్యాస్ బదులు లోపల కేంద్రకాలు చీలుతుంటాయి. దాదాపు 700 మెగావాట్లు. కట్టింది జర్మనీకి చెందిన సీమెన్స్, ఏఈజీలు కలిసి పెట్టిన కంపెనీ. ఖర్చు 500 కోట్ల షిల్లింగులు దాటింది. దీని వెనక మరికొన్ని కట్టాలని కూడా అనుకున్నారు.

పేచీ ఎక్కడ మొదలైందంటే, చాలామంది అనుకున్నట్టు వియన్నాలో కాదు. దేశానికి పడమటి కొసన, స్విట్జర్లాండ్‌ను ఆనుకుని ఫోరార్ల్‌బెర్గ్ అనే చిన్న రాష్ట్రం ఉంది. సరిహద్దుకు అవతల రైన్ లోయలో రూటి అనే చోట స్విస్‌వాళ్ళు అణు కేంద్రం కడతామన్నారు. కరెంటు వాళ్ళకు, భయం వీళ్ళకు. దాంతో ఫోరార్ల్‌బెర్గ్ ఇళ్ళల్లో రేడియేషన్, సగాయుష్షు, వాడిన ఇంధనం లాంటి మాటలు మిగతా దేశం కంటే ముందే వంటింటి మాటలయ్యాయి. 1975లో జర్మనీలోని వీల్ అనే ఊళ్ళో ద్రాక్షతోటల రైతులు రియాక్టరు కోసం చదును చేసిన నేలను ఆక్రమించుకుని కూర్చోవడం కూడా పక్కనుంచి చూశారు. అప్పటికే పీటర్ వైష్, ఎడ్వర్డ్ గ్రూబర్ అనే ఇద్దరు వియన్నా శాస్త్రజ్ఞులు రేడియోధార్మికత మీద సామాన్యులకు అర్థమయ్యేలా పుస్తకాలు రాస్తున్నారు. 1976లో దేశంలోని చిన్నాచితకా సంఘాలన్నీ కలిసి ఒక కూటమిగా ఏర్పడ్డాయి. ఆ కూటమిలో ఎవరున్నారో చూస్తే నవ్వొస్తుంది. మావో బొమ్మ పెట్టుకున్న విద్యార్థులు, ఆదివారం చర్చి తప్పని తల్లులు, పక్షుల్ని లెక్కబెట్టే ప్రకృతి ప్రేమికులు, పచ్చి కుడిపక్షం వాళ్ళు. వీళ్ళు మరే విషయం మీదా ఒక బల్ల చుట్టూ కూర్చోలేరు.

ప్రభుత్వం అప్పుడు చేసిన పని, నా లెక్కలో, ఈ కథంతటికీ ఆయువుపట్టు. పోలీసులను దింపలేదు. జనానికి వివరిద్దామనుకుంది. జనం భయపడుతున్నది తెలియక, తెలిస్తే భయం పోతుంది, ఇదీ వాళ్ళ నమ్మకం. పరిశ్రమల మంత్రి యోసెఫ్ స్టారిబాఖర్ ఆధ్వర్యంలో 1976 శరత్తులో ఒక సమాచార ప్రచారం మొదలైంది. దేశంలోని పట్టణాల్లో పది సభలు. ఒక్కో సభకు ఒక్కో అంశం. రియాక్టరు భద్రత ఒకచోట, రేడియేషన్ వల్ల వంటికి జరిగేది ఒకచోట, వ్యర్థాల సంగతి ఇంకోచోట. అన్నిటికంటే మెచ్చుకోవలసినది, వేదిక మీద అనుకూల నిపుణులూ ప్రతికూల నిపుణులూ ఇద్దరికీ కుర్చీలు వేశారు. అంత నిజాయితీగా జనం ముందు చర్చ పెట్టిన ప్రభుత్వాలు ఆ కాలంలో ఎన్నో లేవు.

ఆ హాల్లో వెనక వరసలో కూర్చున్న ఒక పాలరైతును ఊహించండి. వేదిక మీద ఒక డాక్టరుగారు లేచి, కేంద్రం పక్కన ఏడాదంతా కాపురమున్నా అందే రేడియేషన్ కొండ ప్రాంతంలో రాళ్ళలోంచి సహజంగా వచ్చేదానికంటే తక్కువంటాడు. నిజమే. పక్క కుర్చీలోంచి అంతే చదువుకున్న ఇంకో డాక్టరుగారు లేచి, రేడియేషన్‌కు ఇంతవరకు ఫరవాలేదనే గీత ఏదీ లేదు, ఎంత తక్కువైనా దాని వంతు కీడు అది చేస్తుందని లెక్క కట్టాలంటాడు. అదీ అప్పటి శాస్త్రంలో గట్టి వాదనే. రైతుకు రేడియేషన్‌ను కొలిచే మిల్లీరెమ్‌లు అర్థం కాకపోవచ్చు. కానీ ఒకటి మాత్రం స్పష్టంగా అర్థమవుతుంది: తెలిసినవాళ్ళకే ఇందులో ఏకాభిప్రాయం లేదు. ఆ సభకు రాకముందు ఆయనకు ఆ సంగతి తెలియదు.

చిన్న మోతాదుల దగ్గర ఈ తగవు అంత తేలిగ్గా తెగకపోవడానికి కారణముంది. హిరోషిమా, నాగసాకీల్లో బతికి బయటపడ్డవాళ్ళకు ఎక్కువ మోతాదులు తగిలాయి, వాళ్ళలో కాన్సర్లు పెరగడం లెక్కకు అందింది. అక్కడి నుంచి గీతను కిందికి గీసుకుంటూ వస్తే చిన్న మోతాదుల కీడు ఎంత చిన్నదంటే, మామూలుగానే వచ్చే కాన్సర్ల రద్దీలో దాన్ని వేరుచేసి చూపించాలంటే లక్షలమందిని దశాబ్దాల పాటు గమనించాలి. అమెరికాలో ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలను ఏళ్ళ తరబడి నడిపిన ఆల్విన్ వైన్‌బర్గ్, స్వయంగా రియాక్టర్ల మనిషి, 1972లోనే ఈ సంగతి ఒప్పుకున్నాడు. శాస్త్రాన్ని అడగదగిన ప్రశ్నలే గాని శాస్త్రం జవాబు చెప్పలేని ప్రశ్నలు కొన్ని ఉన్నాయని, వాటిలో ఇదొకటని ఒక వ్యాసం రాశాడు. అలాంటి ప్రశ్నకు నిపుణుడు ఇచ్చే జవాబులో సగం శాస్త్రం, సగం అతని స్వభావం. జనం ఆ రెండో సగాన్ని ఇట్టే పసిగడతారు.

రియాక్టరు ప్రమాదాల మీద అప్పుడొక పెద్ద నివేదిక చేతులు మారుతుండేది. ఎంఐటీ ప్రొఫెసరు నార్మన్ రాస్ముసెన్ బృందం 1975లో తయారుచేసింది. వంద రియాక్టర్ల వల్ల జరగగల మరణాలను ఉల్క మీదపడి చనిపోయే అవకాశంతో పోల్చి బొమ్మ గీసి చూపించారు. అనుకూలురు ఆ బొమ్మను భుజాన వేసుకుని తిరిగారు. ఆ సారాంశాన్ని నమ్మవద్దని అమెరికా అణు నియంత్రణ సంఘమే 1979 జనవరిలో చేతులు కడుక్కుంది. ఆస్ట్రియా ఓటు అప్పటికే అయిపోయిందనుకోండి.

పది సభల్లో కొన్ని కేకలతో, ఈలలతో ముగిశాయి. వివరిస్తే సద్దుమణుగుతుందనుకున్నది వివరించినకొద్దీ రాజుకుంది. అంతకుముందు ఊరుకి ఒకరిద్దరు ఉండే వ్యతిరేకులకు ప్రభుత్వమే హాలు, మైకు, శ్రోతలు సమకూర్చిపెట్టినట్టయింది. ఇది చూసి తర్వాత చాలామంది అధికారులు తీసిన పాఠం ‘జనం ముందు చర్చ పెట్టకూడదు’ అని. నాకది తలకిందుల పాఠం అనిపిస్తుంది. తెలియనిది తెలియదని మొదటిరోజే చెప్పి ఉంటే ఏమయ్యేదో మాత్రం ఎవరూ ప్రయత్నించి చూడలేదు.

ఇంకో ప్రశ్న పాలరైతుకైనా పాఠాలు అక్కర్లేకుండా అర్థమయ్యేది. వాడేసిన ఇంధనం ఎక్కడ పెడతారు? వెయ్యి మెగావాట్ల రియాక్టరు ఏడాదికి పాతిక ముప్పై టన్నులు దింపుతుంది. వేల ఏళ్ళు కాపలా కాయాల్సిన సరుకు. ప్రభుత్వం వాల్ట్‌ఫీర్టెల్ అనే ఉత్తరాది గ్రానైటు ప్రాంతం వైపు చూసింది. గట్టి రాయి, పలుచని జనం. ఆ పలుచని జనమే ట్రాక్టర్లు వేసుకుని అడ్డం తిరిగారు. మరుగుదొడ్డి ఎక్కడో తేల్చకుండా ఇల్లు కట్టేశారని జనం అనుకోవడంలో తప్పేముంది?

1978 జనవరిలో ఇంధనం వచ్చింది. జర్మనీ నుంచి విమానంలో లింట్స్‌కు, అక్కడి నుంచి సైనిక హెలికాప్టర్లలో త్స్వెంటెన్‌డార్ఫ్‌కు. రోడ్డు మీదైతే నిరసనకారులు అడ్డుకుంటారని భయం. ఇక్కడ కాస్త ఆగాలి. రియాక్టరులో కాలకముందు యురేనియం కడ్డీ పెద్ద ప్రమాదకారి కాదు. చేతి తొడుగులు వేసుకుని పట్టుకోవచ్చు. దాని విషమంతా మండిన తర్వాతి సంగతి. నిపుణులకిది అక్షరాభ్యాసం. కానీ పత్రికలో హెలికాప్టరు ఫోటో చూసినవాడికి ఏమనిపిస్తుంది? భయం లేని సరుకైతే సైన్యం ఎందుకు? పది సభల్లో చెప్పినదాన్ని ఒక్క ఫోటో తుడిచిపెట్టింది. సాల్స్‌బుర్గ్‌లో ఉండే రచయిత రాబర్ట్ యుంక్ అంతకు ముందు ఏడాదే ఒక పుస్తకంలో ఇదే వాదించాడు. రేడియేషన్ కంటే ముందు కాపలా వస్తుంది, ప్లుటోనియాన్ని కాపాడాలంటే దేశమంతా కాపలా కొట్టు అవుతుంది అని. హెలికాప్టర్లు ఆయన పుస్తకానికి ఉచితంగా ప్రకటన చేసిపెట్టాయి. భూగర్భ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ టోల్‌మన్ 1972 నాటి భూకంపాన్ని మళ్ళీ బయటికి తీశాడు. బాతుపిల్లల ప్రవర్తన మీద పరిశోధనకు నోబెల్ అందుకున్న కొన్రాడ్ లోరెంజ్ కూడా వద్దన్నవారి పక్కనే నిలిచాడు.

క్రైస్కీకి 1979లో ఎన్నికలున్నాయి. ఈ ముల్లు కాల్లో ఉండగా ఎన్నికలకు వెళ్ళడం ఇష్టం లేదు. మొదలుపెట్టిన పీపుల్స్ పార్టీయే ఇప్పుడు వెనక్కి తగ్గుతోంది. ఆ పార్టీ నాయకుడు యోసెఫ్ టౌస్ అణుశక్తికి తాము వ్యతిరేకం కాదు, భద్రత సంగతులు ఇంకా తేలలేదు అంటూ గోడమీద కూర్చున్నాడు. కేంద్రాన్ని నడపడానికి అనుమతించే చట్టం పార్లమెంటులో సోషలిస్టుల ఓట్లతోనే నెగ్గింది. జనాన్నే అడిగేద్దామని క్రైస్కీ తేల్చాడు. మన పత్రికల్లో ప్రజాభిప్రాయ సేకరణ అంటే షామియానా కింద కలెక్టరుగారి సమక్షంలో ఊరివాళ్ళు మైకు పట్టుకునే సభ. ఇది అది కాదు. దేశమంతా బూత్‌లకు వెళ్ళి ఔను, కాదు అని ఓటు వేయడం, ఆ లెక్కే చట్టానికి ప్రాణం పోయడమో తీయడమో చేయడం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియాలో అలాంటి ఓటు ఇదే మొదటిది. అంతకుముందు దేశమంతా ఒక ప్రశ్నకు ఔను, కాదు అని ఓటు వేసింది 1938 ఏప్రిల్ 10న. హిట్లర్ అప్పటికే సైన్యంతో వచ్చి కూర్చుని, నన్ను ఒప్పుకుంటారా అని అడిగినప్పుడు. నాడు 99 శాతానికి పైగా ఔనన్నారు, అనిపించారు. లీజ మైట్నర్‌ను దేశం లేనిదాన్ని చేసిన విలీనానికి వేసిన ముద్ర అది. నలభై ఏళ్ళకు మళ్ళీ అదే తరహా ఓటు, ఈసారి ఆమె విప్పిన రహస్యం గురించి. ఓటింగు తేదీ 1978 నవంబరు 5, ఆదివారం. ఆ నెల 7కు మైట్నర్ పుట్టి నూరేళ్ళు నిండుతాయి.

గెలుస్తామన్న ధీమా ఉంది. కార్మిక సంఘాలు, పారిశ్రామికవేత్తలు, మామూలుగా ఎదురెదురుగా ఉండేవాళ్ళు, ఇద్దరూ ఔను పక్షమే. అప్పుడు క్రైస్కీ కొరివితో తల గోక్కున్నాడు. ఓడితే తాను రాజీనామా చేయవచ్చునన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. తన మీదున్న అభిమానంతో జనం ఔనంటారని లెక్క. కానీ ఆయనంటే పడనివాళ్ళకు అంతకంటే చక్కటి అవకాశం ఏముంటుంది? అణుశక్తి కావాలనుకునే పీపుల్స్ పార్టీ ఓటర్లు కూడా క్రైస్కీని దింపే మందు దొరికిందని ‘కాదు’ వైపు నడిచారు. అత్త మీది కోపం దుత్త మీద చూపించారు. ఇంకో చిత్రం, క్రైస్కీ కొడుకు పీటర్ కూడా బహిరంగంగా కాదు పక్షమే. అది మాత్రం కోపం కాదు, అతని నమ్మకం.

ఆ రాత్రి లెక్క తేలింది. కాదన్నవారు 16,06,308. ఔనన్నవారు 15,76,839. తేడా ముప్పై వేలకు తక్కువ. శాతాల్లో 50.47, 49.53. ఓటు వేయడానికి వచ్చింది నూటికి అరవై నాలుగు మంది. ఒక చిన్న ఫుట్‌బాల్ స్టేడియంలో పట్టేంతమంది మనసు మార్చుకుంటే రియాక్టరు నడిచేది. రాష్ట్రాలవారీ లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. కేంద్రానికి అందరికంటే దూరంగా, అయిదు వందల కిలోమీటర్ల అవతల ఉన్న ఫోరార్ల్‌బెర్గ్‌లో నూటికి ఎనభై నాలుగు మంది వద్దన్నారు. తూర్పున, దగ్గర్లో ఉన్న బుర్గెన్‌లాండ్‌లో ఔనన్నవారే ఎక్కువ. భయం దూరాన్ని బట్టి తగ్గుతుందనుకునే ఇంజనీర్లకు ఈ పటం మింగుడుపడదు. ఫోరార్ల్‌బెర్గ్‌వాళ్ళు పదేళ్ళుగా దీన్ని గురించే మాట్లాడుకుంటున్నారు. పైగా వియన్నా ఏది చెప్పినా అనుమానంగా చూడడం వాళ్ళకు తాతల నాటి అలవాటు.

ఆ ఓటును కొందరు ప్రజల వివేకమన్నారు, కొందరు ప్రజల అజ్ఞానమన్నారు. రెండూ నాకు ఒప్పవు. ఆ 16 లక్షల చీటీల్లో రేడియేషన్ భయం ఉంది, క్రైస్కీ మీద కసి ఉంది, రాజధాని మీద అనుమానం ఉంది, హెలికాప్టరు ఫోటో ఉంది, వ్యర్థాల ప్రశ్న ఉంది. చీటీ మీద గీత ఒకటే.

క్రైస్కీ రాజీనామా చేయలేదు. పార్టీ ఆయన వెనకే నిలిచి మరింత అధికారం ఇచ్చింది. డిసెంబరు 15న పార్లమెంటు ఏకగ్రీవంగా ఒక చట్టం చేసింది: ప్రజలను అడగకుండా ఆస్ట్రియాలో అణు విద్యుత్ కేంద్రం కట్టరాదు, కట్టి ఉన్నదాన్ని నడపరాదు. రియాక్టరు ముల్లు ఊడిపోయాక 1979 మే ఎన్నికల్లో సోషలిస్టులకు 51 శాతం ఓట్లు, 183లో 95 సీట్లు వచ్చాయి. క్రైస్కీ జీవితంలోకెల్లా పెద్ద గెలుపు. ఆయన్ను దింపడానికి రియాక్టరుకు వద్దని ఓటేసినవాళ్ళకు రియాక్టరూ పోయింది, క్రైస్కీ మాత్రం ఉన్నాడు.

ఇల్లు మాత్రం అలాగే ఉంది. దాన్ని కూల్చలేదు, తాళమూ వేయలేదు. ఎప్పటికైనా జనం మనసు మారుతుందని లోపల తేమ చేరకుండా, తుప్పు పట్టకుండా ఏళ్ళ తరబడి కాపాడారు. సిబ్బంది జీతాలు తీసుకుంటూ నడవని యంత్రాలకు నూనె పోశారు. అది వట్టి ఆశ అనడానికి లేదు. 1980లో రెండు పక్షాలూ సంతకాల ఉద్యమాలు నడిపితే, నడపమన్న అర్జీ మీద 4 లక్షల 21 వేల సంతకాలు, వద్దన్న అర్జీ మీద లక్షా 47 వేలు పడ్డాయి. అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ రియాక్టరు ప్రమాదం జరిగిన మరుసటి ఏడాది మాట ఇది! అదే జనం, అదే రియాక్టరు. కానీ సంతకాలు వేరు, మళ్ళీ ఓటింగు పెట్టే ధైర్యం వేరు. 1985 మార్చిలో పార్లమెంటులో చివరి ప్రయత్నం వీగిపోయింది. ఇక సామాను అమ్ముకోవడమే మిగిలింది.

పదమూడు నెలలకు చెర్నోబిల్. 1986 ఏప్రిల్ చివర్లో అక్కడి రేడియోధార్మిక మేఘం ఆస్ట్రియా కొండలను తాకినప్పుడు వాన పడింది, సీజియం నేలకు దిగింది. పశ్చిమ ఐరోపాలో ఎక్కువ పడిన దేశాల్లో ఆస్ట్రియా ఒకటి. అయినా వియన్నాలో మే డే ఊరేగింపు ఆగలేదు. ఆ తర్వాతి వారాల్లో పిల్లల్ని ఇసుకలో ఆడనివ్వవద్దన్నారు, ఆకుకూరలు కొనవద్దన్నారు. నడపమని సంతకం పెట్టిన లక్షలమంది ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. 1999లో అణుశక్తి నిషేధం రాజ్యాంగంలోకే ఎక్కింది. చెక్ సరిహద్దు అవతల తెమెలీన్ రియాక్టర్లు మొదలైనప్పుడు ఆస్ట్రియావాళ్ళు రోడ్ల మీద కూర్చుని సరిహద్దులు మూసేశారు. అది వేరే కథ.

మరి కరెంటు? వ్యతిరేకులు తమ పుస్తకాల్లో ఈ పేజీని దాటేస్తారు, అందుకని నేను చెప్పాలి. త్స్వెంటెన్‌డార్ఫ్ కోసం లాగిన హైటెన్షన్ తీగలు ఊరికే పోకుండా, కొద్ది దూరంలో డ్యూర్న్‌రోర్ అనే చోట బొగ్గు కేంద్రం కట్టి వాటికి తగిలించారు. 1980ల చివరి నుంచి 2019 వరకు ఆ తీగల్లో బొగ్గు కరెంటు నడిచింది. ఆ బొగ్గు పొగకు పోయిన ఊపిరితిత్తుల లెక్క ఏ ఓటింగులోనూ లేదు. నదుల మీద ఇంకా ఆనకట్టలు కడదామంటే 1984 డిసెంబరు చలిలో హైన్‌బుర్గ్ అడవిలో వేలమంది గుడారాలు వేసుకుని కూర్చుని దాన్నీ ఆపించారు. ఆ గుడారాల్లోంచే రెండేళ్ళకు గ్రీన్స్ పార్టీ పార్లమెంటుకు నడిచింది.

పాడుపడ్డ కేంద్రానికి మాత్రం ఉద్యోగం దొరికింది. దానితోపాటు అదే నమూనాలో పుట్టిన రియాక్టర్లు జర్మనీలో నాలుగుండేవి. అవి నడిచినన్నాళ్ళూ విడిభాగాలు ఇక్కడి నుంచి వెళ్ళేవి, వాటి సాంకేతిక సిబ్బంది ఇక్కడికి శిక్షణకు వచ్చేవారు. నడిచే రియాక్టరులో అడుగుపెట్టలేని చోట్లన్నీ ఇక్కడ చేత్తో తడిమి చూడవచ్చు కదా. 2005లో దిగువ ఆస్ట్రియా విద్యుత్ కంపెనీ ఈవీఎన్ దాన్ని కొని, 2009లో ఆవరణలో సౌరఫలకాలు పెట్టింది. ఆ స్థలం నుంచి తీగల్లోకి వెళ్ళిన మొదటి కరెంటు అది.

ఇప్పుడు పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా లోపలికి వెళ్ళి చూడవచ్చు. 1970ల నాటి ముళ్ళు, మీటలు, ఫోన్లతో కంట్రోల్ గది ఉన్నది ఉన్నట్టుంది. సినిమావాళ్ళు అద్దెకు తీసుకుంటుంటారు. రియాక్టరు పాత్ర కిందికి కూడా తీసుకెళ్తారు. అదుపు కడ్డీలు కింది నుంచి పైకి దూరే చోటు అది, తలెత్తితే గొట్టాల చివరలు గుత్తులు గుత్తులుగా వేలాడుతూ కనిపిస్తాయి. ఒక్కరోజు మండిన రియాక్టరులోనైనా అక్కడ నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూసే వీలుండదు.

(వచ్చే సంచికలో: 1979 మార్చి 28 తెల్లవారుజామున నాలుగు గంటలకు, పెన్సిల్వేనియాలో ఒక నదీ ద్వీపం మీద తెరుచుకుని మూసుకోని వాల్వు.)